ఒక్క తప్పూ లేదు

"అక్షరాలు ఇంకా అలుక్కుపోయినట్టే ఉన్నాయే," అన్నాడు నాన్న, తెరకి ముక్కు ఆనించి.

కంప్యూటర్ తెరమీద విండోలన్నిటినీ పేర్చి చూపించే ప్రోగ్రామును బాగుచేయడం నా ఉద్యోగం. నాన్న కోసమే అందులో అక్షరాల్ని పెద్దవి చేసే సదుపాయం కొత్తగా పెట్టాను. జీవితమంతా అచ్చుతప్పులు దిద్దిన మనిషి. ఆయన వంక పెట్టాడంటే తప్పు నాదే అయ్యుంటుంది. విసుక్కుంటూనే అంచులు సరిచేశాను, నలుపు పెంచాను, మర్నాడు మళ్ళీ చూపించాను.

"ఉహుఁ, లేదమ్మా."

"నిన్ను మెప్పించడం ఆ బ్రహ్మతరం కూడా కాదు నాన్నా!"

ఈరోజు కొత్త మార్పు ఎక్కించగానే ప్రోగ్రాం కుప్పకూలింది. తెరంతా కటిక నలుపు. నాలుక కరుచుకుని కీబోర్డు అందుకోబోయాను.

నాన్న అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ప్రూఫు చదువుతున్నట్టే పైనుంచి కిందిదాకా నెమ్మదిగా తల కదిపాడు.

"ఆఁ, ఇప్పుడు కుదిరింది. ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క తప్పూ లేదు. ఇంక నాకోసం నిద్ర పాడుచేసుకోకు తల్లీ."

కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాను.

"హమ్మయ్య, మెప్పించాను," అన్నాను.

నాన్న నవ్వాడు. నల్లటి తెరలో మా ఇద్దరి ముఖాలూ నాకొక్కదానికే కనిపిస్తున్నాయి.