శెనక్కాయ లేని చిత్రాన్నం

చిత్రాన్నం గిన్నెలోకి పెద్దసుబ్బమ్మ మూడోసారి తొంగిచూసింది. గరిటెతో అడుగుదాకా తిప్పి, ఉంగరం పోగొట్టుకున్న మనిషిలా వెతికింది.

వంటింటి గుమ్మం దగ్గర నిలబడి శివప్రసాద్ ఆ గరిటెనే చూస్తున్నాడు.

పెద్దసుబ్బమ్మ పెళ్లికొడుకు లోకేష్‌కు అవ్వ. పొద్దున్నే మనవణ్ని వెంటబెట్టుకుని పులివెందుల నుంచి వచ్చి ప్రొద్దుటూరులో దిగింది. వాళ్ల వైపు పెద్దదిక్కు ఆమే. భోజనాలు కాగానే తాంబూలాలు మార్చుకోవాలి. అమ్మాయి నచ్చింది, ఇల్లు నచ్చింది, జాతకాలు కూడా పేచీ పెట్టలేదు. శివప్రసాద్ దాచిన సంగతి ఒక్కటే. కూతురు మల్లికకు శెనక్కాయలు పడవు.

పడవంటే కడుపుబ్బరం లాంటిది కాదు. ఎనిమిదో తరగతిలో జమ్మలమడుగులో ఎవరి పెళ్లికో పోయి చిక్కీ ముక్క కొరికితే, మొహం ఉబ్బి, గొంతు మూసుకుపోయి, ఆసుపత్రిలో రెండు రోజులుంది. "పలుకు కూడా తగలకూడదు. శెనక్కాయలు ఆడించిన మిక్సీ కూడా వాడొద్దు" అన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో శెనక్కాయ లేదు, శెనక్కాయ నూనె లేదు. మల్లిక బ్యాగులో ఇంజెక్షన్ లేని రోజు లేదు.

కడప జిల్లాలో శెనక్కాయ పడదని చెప్పడమంటే, చేప వచ్చి నాకు నీళ్లు పడవని చెప్పడమే. అందుకే వీధిలో ఎవరికీ చెప్పలేదు. వీధికి తెలిస్తే మధ్యవర్తికి తెలుస్తుంది. మధ్యవర్తికి తెలిస్తే మైదుకూరు దాకా తెలుస్తుంది. అయినా బట్టతలలూ, బీపీలూ దాచి పెళ్లిళ్లు చేసిన వంశం శివప్రసాద్‌ది. ఇదొక లెక్కా అనుకున్నాడు.

"నేనే చెప్పేస్తా నాయనా" అంది మల్లిక పొద్దున.

"తాంబూలాలు కానీమ్మా."

"రేపు ఆ ఇంట్లో శెనక్కాయలేసిన ఉగ్గాని పెడితే ఏం జేస్తాది?" అంది భార్య కుసుమ.

"ఉపాసమని జెప్తాది."

"దినామూనా?"

శివప్రసాద్ చొక్కా ఇస్త్రీ చూసుకోవడానికి పోయాడు.

ఇప్పుడు పెద్దసుబ్బమ్మ గరిటె పక్కన పెట్టింది. ముప్పై ఏళ్లు శెనక్కాయ పండించి, ఈ మధ్యే చీనీ బత్తాయి తోటకు మారిన మనిషి. ఆమె కన్నుగప్పడం అయ్యే పనేనా?

"ఏందప్పా, చిత్రాన్నంలో శెనక్కాయలు ఏసినట్టు లేదే?"

"మరిచిపోయినారు పెద్దమ్మా."

"గుత్తొంకాయలో?"

"దాంట్లో నువ్వుల పొడి."

"ఒగ పలుకు గూడా ఎయ్యలా?"

"ఒగటి గూడా లేదు."

"నిజం జెప్పు."

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. నూనె టిన్ను మూత తీసి వాసన చూసింది.

"ఇదేం నూనె?"

"సన్‌ఫ్లవర్. గుండెకు మంచిదంట."

"ఎవురికుండాది గుండె జబ్బు?"

"ఎవురికీ లేదు పెద్దమ్మా. రాకుండా!"

"ఊఁ" అంది. ఆ 'ఊఁ' వినగానే శివప్రసాద్‌కు గుండెలో నిజంగానే ఏదో అయింది.

"అప్పా, మా గురించి మీకెవురన్నా ఏమన్నా జెప్పినారా?" ఉన్నట్టుండి అడిగింది.

"లేదే! ఏం జెప్తారు?"

"ఊరికే అడిగినాలే."

శివప్రసాద్‌కు ఇక అనుమానం లేదు. మీ గురించి మాకు తెలిసిందని చెప్పాలంటే పెద్దవాళ్లు ఇలాగే తిప్పి అడుగుతారు. ఇది దువ్వూరులో ఉన్న తోడల్లుడు కుళ్లాయప్ప పనే. వాడి కూతురికి ఇంకా సంబంధం కుదరలేదు మరి.

విస్తళ్లు వేశారు. తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం చేసే లోకేష్ బుద్ధిగా కూర్చున్నాడు. చెయ్యి విస్తరి మీదికి పోతుండగా అవ్వ ఉరిమింది.

"ముట్టాకు! నేను తిని జూసేదాకా ముట్టాకు."

వడ్డించిన ప్రతిదీ ముందు తన నోట్లో వేసుకుంది. నమిలింది. ఆలోచించింది. ఓళిగను విరిచి, లోపలి పూర్ణాన్ని వెలుతురుకు పట్టి మరీ చూసింది. అప్పుడు గానీ "తిను" అనలేదు. లోకేష్ మారుమాట్లాడకుండా తిన్నాడు.

"మనం మందు పెట్టినామనుకుంటాందా ఏంది?" వంటింట్లో కుసుమ పళ్లు కొరికింది. "పిల్లనిచ్చేదీ మనమే, మందు పెట్టేదీ మనమేనా?"

"అరవాకు. అది మందు కోసరం గాదు. మన గుట్టు కోసరం ఎతుకుతాండాది."

అంతలో పక్కింటి దిల్షాద్‌బీ చేతిలో గిన్నెతో లోపలికొచ్చింది.

"పొద్దున్నుంచి మీ మిక్సీ సప్పుడే ఇనపడలా కుసుమక్కా. చట్నీ మరిచిపోయినారని నేనే రుబ్బి తెచ్చినా. శెనక్కాయ చట్నీ! ముందు పెండ్లికొడుక్కు" అంటూ నేరుగా లోకేష్ విస్తరి దగ్గరికి నడిచింది.

అక్కడే వంగి నెయ్యి వడ్డిస్తున్న మల్లిక చప్పున వెనక్కి జరిగింది.

శివప్రసాద్ ఉరికాడు. డెబ్బై ఏళ్ల మోకాళ్లతో పెద్దసుబ్బమ్మ అంతకంటే ముందే లేచింది. గిన్నె మీద ఒకేసారి నాలుగు చేతులు పడ్డాయి. దిల్షాద్‌బీ బిత్తరపోయి వదిలేసింది. వాళ్లిద్దరూ వదల్లేదు.

"ఇటియ్యి పెద్దమ్మా."

"నువ్వే ఇడువప్పా."

అలా లాక్కుంటూనే ఇద్దరూ పెరట్లోకి చేరారు. పెద్దసుబ్బమ్మ కాలితో తలుపు దగ్గరికేసింది.

అయిపోయింది. సంబంధం పోయింది, పరువు పోయింది, సాయంత్రానికి కుళ్లాయప్ప ఫోన్ చేసి పరామర్శిస్తాడు కూడా. శివప్రసాద్ గిన్నె వదిలేసి చేతులు జోడించాడు.

"పెద్దమ్మా, తప్పయింది..."

ఆమె మాట సాగనివ్వలేదు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మా లోకేషుకు శెనక్కాయలు పడవని మీకు ఏ సచ్చినోడు జెప్పినాడో గానీ, ఇల్లంతా ఒగ పలుకు లేకుండా జేసి పెట్టినావు, నీ కడుపు సల్లగుండ, పెండ్లయ్యేదాకా మీ పిల్లకు మాత్రం జెప్పాకు నాయనా!"