గడప దాటని పట్టా

మహిళా విశ్వవిద్యాలయానికి యాభై ఏళ్లు నిండాయి. పొగాకు గోదాములో నలభై మంది ఆడపిల్లలతో మొదలైన చదువు ఇప్పుడు పన్నెండు లక్షల ఇళ్లకు పాకింది. తరగతి గదులూ హాస్టళ్లూ మూతపడ్డాయి. వంటింటి గోడకు బిగించిన పెట్టే పాఠం చెబుతుంది.

ఆ నలభై మందిలో ఒకరైన కరుణమ్మగారు ఈ ఏడాది అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న సువర్ణకు బంగారు పతకం ఇవ్వడానికి ఆమె ఇంటికి వెళ్లారు. సువర్ణ ఉల్లిపాయలు తరుగుతూ పాఠం వింటోంది. కుక్కర్ కూయగానే పాఠం దానంతట అదే ఆగిపోయింది.

"మూడో విజిల్ వచ్చిందమ్మా. స్టవ్ కట్టేసి మామయ్యగారికి మాత్ర ఇచ్చి రండి. తర్వాత చదువుకుందాం," అంది పెట్టె.

కరుణమ్మగారికి ఒళ్లు మండిపోయింది. ఆ రోజుల్లో గోదాము గేటుకు ఒక మేకు ఉండేది. కొత్తగా చేరిన ప్రతి పిల్లా ఇంటి నుంచి తెచ్చిన మసిగుడ్డను దానికి తగిలించాకే లోపలికి అడుగు పెట్టేది.

"చూశారా మేడమ్! మా కోడలు గడప దాటకుండానే మూడు డిగ్రీలు చేసేసింది," అన్నాడు మామగారు, సువర్ణ ఇచ్చిన మాత్ర మింగి.

"గడప దాటడానికేనయ్యా మేం యూనివర్సిటీ పెట్టుకుంది!"

సువర్ణ భుజం మీది మసిగుడ్డ లాగి ఆయన ఒళ్లో పడేశారు కరుణమ్మగారు.

"కుక్కర్ నువ్వు దించుకో. నడవమ్మా, మేం చదువుకున్న గోదాము గేటు చూపిస్తాను."

సువర్ణ గుమ్మంలో చెప్పులు వెతికింది. అక్కడ ఇంట్లో అందరివీ ఉన్నాయి, తనవి తప్ప.

కరుణమ్మగారు తన చెప్పులు విప్పి ఆమె ముందుకు తోశారు.

"తొడుక్కో."