భూతకాలం

“చివర ఒత్తి పలకల్లమ్మా. లేకుంటే అర్థమే మారిపోతాది.”

పద్మప్రియ పుస్తకంలోంచి తలెత్తింది.

బడి వరండా చివర బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల టోపీ, భుజాన తువ్వాలు. చేతిలో టోకెను లేదు, మందుల చీటీ లేదు.

“ఏం ఒత్తి పలకాల తాతా?”

“ఇప్పుడు నువ్వు అన్నదే. తోమో.”

వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు. “పొద్దున్నించీ ఏందో తోముతానే ఉండాది ఈ పాప,” అంది ఒకామె.

పద్మప్రియకు నవ్వు రాలేదు. స్పెయిన్ నుంచి ఏటా వచ్చే డాక్టర్ల క్యాంపు ఇంకో పది నిమిషాల్లో మొదలవుతుంది. ఆమెది తాడిపత్రి. ఆరు నెలలు అనంతపురంలో ఉండి స్పానిష్ నేర్చుకుంది. విడపనకల్లు దగ్గరి ఈ పల్లెలోనే దుబాసీగా మొదటి రోజు. ఈ ఒక్కరోజు గట్టెక్కితే ఉద్యోగం ఖాయమన్నారు.

అందుకే ‘తోమార్’ అనే క్రియను వల్లె వేస్తోంది. తీసుకోవడం, తాగడం అని దానర్థం. మందుల దగ్గర మాటిమాటికీ అవసరమయ్యే మాట.

తోమో, తోమాస్, తోమా. తాగుతాను, తాగుతావు, తాగుతుంది.

తోమే, తోమాస్తే, తోమో. తాగాను, తాగావు, తాగింది.

తోమారే, తోమారాస్, తోమారా. రేపటి సంగతి.

తాగాలని కోరుకోవడానికి మళ్ళీ వేరే వరస. తోమే, తోమేస్, తోమే.

“తోమోలు రెండుండాయి పాపా,” అన్నాడు ముసలాయన. “మొదట ఒత్తితే నేను తాగుతా అని. చివర ఒత్తితే ఆయమ్మ తాగింది అని. ‘తోమా’ అంటే రోజూ తాగుతాది. ‘తోమో’ అంటే తాగేసింది, అయిపోయింది.”

“నాకు తెలుసు తాతా. పరీక్షలో తొంభై రెండు వచ్చినాయి.”

“పరీక్షలో పక్కన బిడ్డ ఏడుస్తా ఉండదు గదా.”

ఆమె పుస్తకం తీసుకుని వరండా ఇంకో చివరకు వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకు బయమ్మ అనే ఆమె ఆరేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని పరుగున వచ్చింది. పాప పేరు శశి. ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉంది. కళ్ళు తేలేసింది.

లోపలి గదిలో డాక్టర్ నూరియా పాపను బల్ల మీద పడుకోబెట్టింది. ఏం మందు వాడుతున్నారని స్పానిష్‌లో అడిగింది. పద్మప్రియ ఆ మాట తెలుగులో అడిగింది.

“ఫిట్స్ మందేనమ్మా. పొద్దున రాంగనే రెండు మూతలు తాపిస్తి. నిలబడలేదని మళ్ళ రెండు మూతలు తాపిస్తి.”

పాప గొంతులో గురగురమని చప్పుడైంది. బయమ్మ ఏడుపు అందుకుంది. డాక్టర్ తొందర పెట్టింది. పద్మప్రియ గబగబా స్పానిష్‌లోకి మార్చింది.

“తోమా దోస్,” అంది. “దెస్ప్వేస్ తోమా దోస్.”

రెండు తాగుతుంది, తర్వాత రెండు తాగుతుంది.

రోజూ వేసే మోతాదే అనుకుంది డాక్టర్. సూదిలోకి మందు ఎక్కించమని నర్సు హేమావతికి సైగ చేసింది.

“తోమా కాదు.”

ముసలాయన గడప మీద నిలబడి ఉన్నాడు.

“తోమో అని చెప్పు పాపా. ఆ బిడ్డ నాలుగు మూతలు తాగేసింది.”

“తాతా, బయటికి పోండి. ఇది ఆటలాడే చోటు కాదు.”

“తప్పు చెప్తాండావు. సూది ఆపమను.”

“లింగప్పన్నా, ఈయన్ని బయటికి తీసకపో.”

క్యాంపు వాచ్‌మన్ లింగప్ప వచ్చి ముసలాయన రెక్క పట్టుకున్నాడు. “నిన్ను లోపలికి రానీయద్దన్నారని తెలుసు గదా నబీ సాబ్. ఎన్నిసార్లు చెప్పల్ల?”

నబీ సాబ్ పెనుగులాడలేదు. తలుపు మూసుకుంది.

హేమావతి సూది అందించింది. డాక్టర్ పాప చెయ్యి పట్టుకుంది.

అప్పుడు కిటికీ ఊచల వెనక నుంచి అదే గొంతు వినిపించింది. ఈసారి తెలుగులో కాదు.

“తోమో, దొక్తోరా. తోమో క్వాత్రో.”

తాగేసింది డాక్టరమ్మా, నాలుగు తాగేసింది.

డాక్టర్ చెయ్యి ఆగింది. పద్మప్రియ వైపు తిరిగింది.

“తోమా? తోమో?”

పద్మప్రియ బయమ్మ చేతిలోని మందు సీసా లాక్కుని చూసింది. అడుగున తడి తప్ప ఏమీ లేదు.

“అక్కా, ఇదంతా ఈ పొద్దే తాపిస్తివా?”

“గంటలోనేనమ్మా. అదే గదా చెప్తి.”

“తోమో,” అంది పద్మప్రియ, చివర ఒత్తి.

డాక్టర్ సూదిని పళ్ళెంలో పడేసింది. పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఆక్సిజన్ పెట్టించింది. పాప రొమ్ము మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

కాసేపటికి బిగువు సడలింది. ఊపిరి ఒక తీరుకు రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ గదిలో ఎవరూ కూర్చోలేదు.

“నాలుగు మూతల మందు మీద ఆ సూది కూడా పడి ఉంటే ఊపిరి ఆగిపోయేది,” అంది డాక్టర్, పద్మప్రియకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడివిడిగా. “కిటికీ దగ్గర ఉన్నది ఎవరు?”

పద్మప్రియ బయటికి పరుగెత్తింది.

బెంచీ మీద ఎవరూ లేరు.

“అన్నా, ఆ తాత యాడ?”

“పన్నెండు గంటల ఉరవకొండ బస్సుకు పోయినాడు,” అన్నాడు లింగప్ప. “ఆయమ్మ సూది పడేసేదాకా కిటికీ వదల్లేదు.”

“ఆయన ఇల్లు యాడ?”

“తెలీదమ్మా. మన క్యాంపు యాడ పెడితే ఆడికొస్తాడు. పొద్దుగూకేదాకా వాకిట్లో కూర్చుంటాడు.”

“అంత స్పానిష్ వచ్చినాయన్ని లోపలికి ఎందుకు రానీయరు?”

లింగప్ప చేతికర్రను గోడకు ఆనించాడు.

“ఇరవై ఏండ్ల కిందట ఈ డాక్టర్లకు దుబాసీ ఆయప్పేనమ్మా, ఒక బిడ్డ మందు సంగతి ఒక్క మాట తప్పు చెప్పినాడు, ఆ బిడ్డ బతకలేదు.”