దొడ్డిదారి టీచరమ్మ

"సబ్బుల కంపెనీ ల్యాబులో మంచి ఉద్యోగం. అది వదులుకుని ఈ వయసులో బడికెందుకమ్మా?" అని అడిగింది ఇంటర్వ్యూ చేసే అధికారి.

"పిల్లలకు సైన్సు చెప్పాలనుందండీ."

బీఈడీ లేని సైన్సు గ్రాడ్యుయేట్ల కోసం కొత్తగా పెట్టిన పద్ధతి అది. ఏదైనా బడిలో ఒక సీనియర్ టీచరు చేతికింద ఏడాదిపాటు పాఠాలు చెబుతూనే పని నేర్చుకోవాలి. చివర్లో అధికారి వచ్చి చూసి సరే అంటే టీచరు. కాదంటే ఇంటికి.

"ఏ బడి కావాలి? రెండు మూడు చెప్పొచ్చు."

ఆమె ఒక్కటే చెప్పింది. బస్సు మారి వెళ్లాల్సినంత దూరం.

"అక్కడి సైన్సు మాస్టారి దగ్గర నేర్చుకోవాలండీ. ఆయన గురించి విన్నాను."

స్టాఫ్‌రూమ్‌లో మొదటిరోజే ఆమెకు పేరు పడిపోయింది. "దొడ్డిదారి టీచరమ్మ వచ్చింది, జరగండి జరగండి" అంది లెక్కల టీచరు. "మేం కిందా మీదా పడి బీఈడీ చేసొచ్చాం. ఈవిడ సబ్బు వాసనేసుకుంటూ వచ్చేసింది."

అందరితోపాటు ఆమె కూడా నవ్వేసింది. తన పక్కనున్న కుర్చీ జరిపి ఇచ్చినాయన సైన్సు మాస్టారు.

ఆయన మొహం కంటే ముందు ఆమె ఆయన చేతులు చూసింది. వేళ్ల నుంచి మోచేతుల దాకా చర్మం ముడుచుకుపోయి, బిగిసిపోయి, నున్నగా మెరుస్తోంది. చూపు తిప్పుకోలేకపోయింది. చివరికి ఆయనే చేతులు బల్లకిందికి దించుకున్నాడు.

పిల్లలు ఆయన్ని బొమ్మల మాస్టారు అంటారు. ప్రయోగాలన్నీ రంగు సుద్దలతో బోర్డు మీదే గీసేస్తాడు. మంట కావాలంటే పసుపు సుద్ద. ల్యాబు తాళానికి తుప్పు పట్టింది.

అయినా మంచి గురువు. ఆమె పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని వినేవాడు. "బోర్డుతో మాట్లాడుతున్నావమ్మా. పిల్లలతో మాట్లాడు" అనేవాడు. "తెలీకపోతే తెలీదని చెప్పు. రేపు చూసొచ్చి చెబుతానను. పిల్లలకి అదే నచ్చుతుంది."

ఇంటికెళ్లాక భర్త అడిగేవాడు, "ఎలా ఉంటాడాయన?" అని.

"బాగా చెబుతాడు" అనేది. వెంటనే వంటింట్లోకి వెళ్లిపోయేది.

చివరి పరీక్ష దగ్గరపడింది. ల్యాబులో ప్రయోగం చేయిస్తూ ఒక పాఠం చెప్పాలి. గురువు పక్కన ఉండి తీరాలి.

"నా వల్ల కాదమ్మా" అన్నాడు మాస్టారు. "ఇంకో బడికి మారిపో. నేను మాట్లాడి పెడతాను."

"మీ దగ్గరే సార్."

"మొండిఘటానివి నువ్వు." పిల్లలు వెళ్లిపోయిన తరగతి గదిలో ఆయన ఒక బెంచీ చివర కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు.

అది వెనకటి బడిలో జరిగింది. ఎవరో పిలిస్తే ఆయన ల్యాబు గుమ్మం దాకా వెళ్లాడు. దీపం సన్నగిల్లుతోందని ఒక పిల్ల, మంట ఉండగానే అందులో స్పిరిట్ పోసింది. సీసా భగ్గుమంది. ఆయన పరిగెత్తుకొచ్చి ఒట్టి చేతులతోనే ఆర్పాడు. పిల్ల దక్కలేదు.

"నేనూ ఆస్పత్రిలోనే ఉన్నాను. బయటికొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ అమ్మానాన్నలకి మొహం చూపించలేక ఊరే మారిపోయాను."

ఆమె ఎదురు బెంచీ మీద కూర్చుంది. "ఆ పిల్ల... ఏమైనా అందా సార్?"

"అంది. 'మీ చేతులు కాలుతున్నాయి సార్, వదిలేయండి' అంది."

ఆమె లేచి బయటి కుళాయి దగ్గరికి వెళ్లింది. సుద్ద పోయాక కూడా చేతులు కడుగుతూనే ఉండిపోయింది. తిరిగొచ్చి, "గుమ్మంలో నిలబడండి సార్, చాలు. లోపలికి రావడం మీ ఇష్టం" అంది.

ల్యాబు తాళం పగలగొట్టించింది. బూజు దులిపింది. ఇసుక బకెట్లు, తడి గోనెసంచులు సిద్ధం చేసింది. స్పిరిట్ సీసాను బీరువాలో పెట్టి తాళం వేసింది. పరీక్ష రోజు ఆడపిల్లలందరి జడలూ తనే పైకెత్తి ముడేసింది.

"పెళ్లికి ముస్తాబు చేస్తున్నట్టుందే!" అని నవ్వింది లెక్కల టీచరు.

మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీలం పోయి తెల్లబడింది. చల్లారాక నీటిచుక్క వేస్తే మళ్లీ నీలం! పిల్లలు ఓ అని అరిచారు. ముందున్న అమ్మాయి అడిగింది. "పోయింది కదా టీచర్, మళ్లీ ఎలా వచ్చింది?"

ఆమెకు తెలిసిన జవాబే. అయినా ఆ అమ్మాయి ముడేసిన జడనే చూస్తూ ఉండిపోయింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అధికారి రాయడం ఆపి తలెత్తింది.

గుమ్మం వైపు నుంచి చెప్పుల చప్పుడు. మాస్టారు లోపలికి వచ్చాడు. బిగిసిపోయిన వేళ్లతో టెస్ట్‌ట్యూబ్ అందుకున్నాడు.

"పోయింది నీళ్లురా తల్లీ. నీళ్లు తిరిగిస్తే రంగు దానంతటదే వస్తుంది. ఏదీ, ఇంకోసారి చేద్దాం."

దీపం తనే వెలిగించాడు. మొదటి అగ్గిపుల్ల చేతిలోంచి జారిపోయింది. రెండోది వెలిగింది.

"గురువుగారు అందుకున్నారు కాబట్టి గట్టెక్కావమ్మా" అంటూ అధికారి సంతకం పెట్టింది.

అందరూ వెళ్లాక మాస్టారు అన్నాడు. "నువ్వు లేకపోతే జన్మలో ఈ గది గడప తొక్కేవాణ్ణి కాదు."

ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఎంతకీ వదల్లేదు.

"చాల్చాల్లేమ్మా, ఇంత గురుభక్తా!" అని నవ్వాడాయన, తడికళ్లతో.

ఇంటికి చేరేసరికి భర్త వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. పాసయ్యావా అని అడగలేదు.

ఆమె భుజానికున్న సంచి అందుకుని, "ఆ పిల్ల మన అమ్మాయేనని ఇవాళైనా ఆయనకి చెప్పావా?" అన్నాడు.