ఐదో అమ్మాయి

"బయటివాళ్ళు ఈ గదిలోకి రాకూడదు మామ్మగారూ."

కెప్టెన్ కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అంది.

వచ్చినావిడ గుమ్మంలోనే ఆగింది. డెబ్బై దాటి ఉంటాయి. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"పరుగు జట్టు చరిత్ర రాస్తున్నారట కదమ్మా. తొమ్మిదో ఏడాది సంగతి చెబుదామని వచ్చాను."

గదిలో ఉన్న ఏడుగురమ్మాయిలూ ఒక్కసారిగా అటు తిరిగారు.

ఆ తొమ్మిదో ఏడాదే వాళ్ళ గొంతులో ముల్లు.

ముప్పై ఏళ్ళు ఆగకుండా పోటీపడ్డ జట్లనే ఉంచుతామనీ, మిగతావి ఎత్తేస్తామనీ యూనివర్సిటీ క్రీడల కమిటీ తేల్చేసింది. ఇరవై తొమ్మిదేళ్ళ ఫలితాల పత్రాలు సరిగ్గానే ఉన్నాయి. తొమ్మిదో ఏడాది పత్రంలో మాత్రం నలుగురమ్మాయిల నెంబర్లే ఉన్నాయి. కింద ఒక ముక్క: 'జట్టు పూర్తి కాలేదు.'

గుట్టలూ పొలాలూ దాటుకుంటూ పోయే ఈ పరుగులో ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కూడితేనే జట్టుకు లెక్క. నలుగురొస్తే ఎవరూ రానట్టే.

ఐదో అమ్మాయి కాలు మెలికపడి ఆలస్యంగా వచ్చిందని అప్పటి నలుగురూ చెప్పారు. సొంత జట్టువాళ్ళ మాట చెల్లదు, బయటివాళ్ళెవరైనా చూశారా అంది కమిటీ.

"ఏమిటా సంగతి?" అడిగింది కెప్టెన్.

"ఆ రోజు ఐదుగురూ వచ్చారు. కాగితం తప్పు."

"మేమూ అదే మొత్తుకుంటున్నాం. ఎవరైనా సంతకం పెట్టాలిగా?"

"నేను పెడతాను. అందుకే వచ్చాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆ ఐదో అమ్మాయి మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"పేరు?"

"తెలీదమ్మా. నెంబరు గుర్తుంది. నూట పదిహేడు."

"పేరు తెలీదు గానీ సంతకం మాత్రం పెట్టేస్తారు!" ఎప్పుడూ అందరికన్నా వెనక వచ్చే అమ్మాయి అంది. ఆమెను అందరూ నత్త అంటారు. "ఈ లెక్కన మా హాస్టల్ వంటావిడ చేత కూడా పెట్టిద్దామే. ఆవిడకి జాలి ఎక్కువ."

ఈసారి అందరూ నవ్వారు. కెప్టెన్ కూడా.

ముసలావిడ నవ్వలేదు. "అబద్ధం చెప్పడానికి ఇంత దూరం రాలేదు తల్లీ. ఆ రోజు నేనక్కడ..."

"వద్దండీ." కెప్టెన్ లేచి నిలబడింది. "మీరు మంచివారే. కానీ జాలిపడి పెట్టే సంతకాలు మాకొద్దు. దొంగసాక్ష్యం తెచ్చారని కమిటీ మొహాన కొడుతుంది. నెగ్గితే నిజంతో నెగ్గుతాం, లేదంటే ఓడిపోతాం."

చెప్పాలనుకున్నది ఎన్నో ఏళ్ళుగా నోట్లోనే అరిగిపోయినట్టు ఆవిడ వెనక్కి తిరిగింది. తర్వాత గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

కెప్టెన్‌కు ఆ క్షణంలో గర్వంగా అనిపించింది. ఓడిపోబోతున్నవాళ్ళకు ఎవరినైనా కాదనగలగడం కూడా ఒక బలంలాగే ఉంటుంది.

పది రోజుల తర్వాత కమిటీ జట్టును ఎత్తేసింది.

"తెగిన చరిత్ర చరిత్ర కాదమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

కెప్టెన్ ఏడు జెర్సీలు మడతపెట్టి ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇవి మీవి సార్, తీసుకోండి. కాళ్ళు మావి."

"మీరిక పోటీకి వెళ్ళడానికి లేదు."

"యూనివర్సిటీ తరఫున లేదు. మా తరఫున ఉంది."

ఏడుగురూ ఇంట్లో తొడుక్కునే చొక్కాలతో పోటీకి వెళ్ళారు. దరఖాస్తులో 'సంస్థ' అన్న చోట అడ్డగీత గీశారు.

మధ్యాహ్నానికి ఆరుగురు గమ్యం చేరారు. నత్త రాలేదు.

గంట గడిచింది. కూలీలు జెండాలు పీకేశారు. గమ్యం దగ్గర కట్టిన తాడు విప్పబోతుంటే కెప్టెన్ వెళ్ళి దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"మా మనిషి ఒకతి రావాలి."

"మీకు జట్టే లేదటగా. వచ్చినా ఎవరు రాసుకుంటారు?"

"రాసుకోకండి. తాడు మాత్రం తీయనివ్వను."

"ఏయ్, వదిలెయ్యండ్రా." టైము చూసే ముసలాయన కుర్చీ లాక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఇలా తాడు పట్టుకుని కూర్చునే మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో."

"ఎవరు?"

"ఈ పోటీలకి ఒక జడ్జిగారు ఉండేవారులే. ఒక ఏడాది అందరూ వచ్చేశారనుకుని తాడు తీయించేసి, పత్రం మీద సంతకం పెట్టేసి బస్సెక్కారు. కిటికీలోంచి చూస్తే ఒకమ్మాయి కుంటుకుంటూ వస్తోంది. గీత దాటి ఒక్కతే నిలబడింది. చుట్టూ ఒక్క మనిషి లేడు."

"బస్సు దిగలేదా?"

"దిగలేదు. మర్నాడు పత్రం దిద్దుతానంటే, తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని పైవాళ్ళు దిద్దనివ్వలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ చివరి మనిషి వచ్చేదాకా, వానైనా సరే, ఈ తాడు వదిలితే ఒట్టు."

కెప్టెన్ చేతుల్లో తాడు బిగిసింది.

"ఆ జడ్జిగారు ఎక్కడుంటారు తాతగారూ? ఒక్క సంతకం పెడితే చాలు, మా జట్టు..."

దూరంగా గుట్ట మీద నత్త కనబడింది. ఒక చేత్తో డొక్క పట్టుకుని నడుస్తోంది, పరిగెడుతోంది, మళ్ళీ నడుస్తోంది.

మిగతా ఐదుగురూ అరుస్తూ ఎదురు పరిగెత్తారు. కెప్టెన్ మాత్రం తాడు వదలలేదు.

నత్త గీత దాటింది. ముసలాయన గడియారం నొక్కి, టైము రాసుకుని, అప్పుడు చెప్పాడు:

"ఆ సంతకం పెట్టడానికే పోయిన నెల మీ యూనివర్సిటీకి వెళ్ళిందమ్మా, ఎవరో పిల్లలు నవ్వి పంపేశారట, మొన్న మంగళవారం పోయింది ఆవిడ."