నాలుగు బడుల చదువు

"మూడేళ్ల చదువుకి నాలుగు హైస్కూళ్లా!"

ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఎదురుగా నిలబడ్డ రాయమల్లు చేతులు కట్టుకున్నాడు.

"తిరుగుడు నాది సార్. జంగ్లాత్‌ల, గదే అడవి శాఖల, గార్డును. ఖానాపూర్‌ల ఉన్నప్పుడు ఆడ చేర్పించిన. ఆడికెళ్లి ఉట్నూరు, మల్ల ఆసిఫాబాదు, ఆఖరికి సిర్పూరు. సర్కారు నన్ను యాడ పారేస్తే గాడికి నా ఎంబడి రావాలె గద."

పొద్దున ఆదిలాబాద్ బస్సు దిగిన దగ్గర్నుంచి రాయమల్లు ఈ కరీంనగర్ కాలేజీ వరండాలోనే తిరుగుతున్నాడు. నాలుగు బడుల మాట వినగానే గుమాస్తా వెంకటి దరఖాస్తు ఇవ్వనన్నాడు. "పెద్దసారు ఒప్పుకుంటెనే ఇస్త. గింత తిరిగినోళ్లంటె సారుకు గిట్టదు" అని లోపలికి పంపాడు.

బయట బెంచీ మీద రాయమల్లు భార్య నెత్తిన నిండుగా కొంగు కప్పుకుని కూర్చుంది. చీర మీది బస్సు దుమ్మైనా దులుపుకోకుండా తలుపు వైపే చూస్తోంది. పక్కన కూతురు సరోజన రెండు జడల రిబ్బన్లు విప్పి మళ్లీ కట్టుకుంటోంది.

"ఇలా తిరిగినవాళ్లు కాలేజీలో నిలవరయ్యా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "కిందటేడు ఇద్దర్ని చేర్చుకున్నాను. దసరా సెలవులకని వెళ్లినవాళ్లు మళ్లీ మొహం చూపించలేదు. పీయూసీలో ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఒక్క సీటు."

"ఎన్ని బడులు మారినా ఒక్కపారి గూడ తప్పలే సార్. మెట్రిక్ సెకండ్ క్లాసు."

"ఊఁ. ఏ పాఠం బాగా వచ్చు?"

"అశోకుడు సార్."

"అశోకుడా?"

"ఔ సార్. ఖానాపూర్‌ల అశోకుని పాఠం అయినంక నాకు బదిలీ అయింది. ఉట్నూరుకు పోతే ఆడ గప్పుడే అశోకుణ్ని మొదలువెట్టిన్రు. ఆసిఫాబాదుల గూడ గదే కథ. అక్బరు ఎవడో మాత్రం ఏ బళ్లెనూ చెప్పలే. ఇంట్లనే కూసొని, సొంతంగ నేర్చుకునుడాయె."

ప్రిన్సిపాల్ గారికి నవ్వొచ్చింది. నవ్వు కనబడకుండా కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"బాగానే ఉంది. కానీ ఆడవాళ్ల చదువంటే ఇంకో భయం ఉందయ్యా. మధ్యలో పెళ్లి కుదిరిందని మాన్పించేస్తారు."

"గా రంది పెట్టుకోకుండ్రి సార్. పెండ్లి మాటే రాదు."

"అందరూ ఇలాగే అంటారు. ఇంటి పనులు?"

"పని చేసుకుంటనే చదివింది సార్. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే చేతిల పుస్తకం. రెండు మూడు మాట్ల కూర మాడింది. నేనేం అనలే, తిన్న."

"ఇక్కడ ఉండేది ఎక్కడ?"

"మా మేనత్త ఐలవ్వ ఇల్లు ఉన్నది. అవ్వాబిడ్డలు ఇద్దరు గాడనే ఉంటరు."

"తల్లి కూడా ఉంటుందా? అది మంచిది," ప్రిన్సిపాల్ గారు కాస్త మెత్తబడ్డారు. "తల్లి పక్కనుంటే చదువు కుదురుగా సాగుతుంది. మరి నీ సంగతో?"

రాయమల్లు తల దించుకున్నాడు.

"నన్ను మల్ల లోపటి అడవికి ఏసిన్రు సార్. గాడ బడే లేదు. ఒక్కన్నే ఉంట. జర కష్టమే, అయినా ఉంట. నేను ఉర్దూల నాలుగో జమాత్ దాకా చదివిన. ఇప్పుడు కాయిదాలన్ని ఇంగ్లీషుల, తెలుగుల వస్తున్నయి. చదివి చెప్పేది ఆమెనే. ఏడో తరగతితోని ఆగిపోయిన చదువును నేనే మల్ల మొదలువెట్టించిన. 'ఇప్పుడెందుకయ్యా' అని ఒక్కో హెడ్మాస్టరు నవ్విండు. అందరి కాళ్లు మొక్కిన. టీచరు కావాల్నని ఆశ సార్. గిప్పుడు గిట్ల ఆగితే ఇగ మల్ల కాదు."

ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి బెంచీ వైపు చూశారు. సరోజన తల్లి చెవిలో ఏదో చెప్పి నవ్వుతోంది. తల్లి నవ్వడం లేదు.

"ఆ బెంచీ మీద ఉన్నదేనా?"

"ఔ సార్. గాడనే."

ప్రిన్సిపాల్ గారు గంట కొట్టారు. వెంకటి తొంగిచూశాడు.

"వీళ్లకు దరఖాస్తు ఇవ్వు. ఆ ఒక్క సీటూ వీళ్లదే." రాయమల్లు వైపు తిరిగి, "ఇదిగో, నేను ఒకసారి మాటిచ్చానంటే వెనక్కి తీసుకోను. నువ్వు మాత్రం మధ్యలో మాన్పించకు," అన్నారు.

"మీ కడుపు సల్లగుండ సార్! ఇంకొక్క మాట..."

"మాటలు చాలు. పద, మన విద్యార్థినిని చూద్దాం."

ప్రిన్సిపాల్ గారు చకచకా వరండాలోకి నడిచారు. వెనక రాయమల్లు "సార్, సార్" అంటూ పరుగెత్తాడు. బెంచీ మీది ఇద్దరూ గబుక్కున లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు సరోజన తల మీద చెయ్యి వేసి చల్లగా నవ్వారు.

"ఏమ్మా, సైన్సు తీసుకుంటావా, ఆర్ట్సా?"

సరోజన, తల్లి మొహం చూసి, తండ్రి మొహం చూసి, నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను గాదు సార్, మా అవ్వ."