ఎవరూ చావని ఆట

మాస్టారు అట్ట తెర వెనక పాచిక వేసి, వంగి చూశారు.

“తగల్లేదు. డ్రాగన్ పంజా తిబూర్సియో చెవి పక్కనుంచి పోయింది.”

ఎవాంద్రో పెన్సిల్ బల్ల మీదికి విసిరికొట్టాడు.

“మళ్లీనా! ఈ ఆటలో ఎవడికీ చావు రాదా మాస్టారూ? మీ డ్రాగన్లకి కళ్లు కనబడవా?”

“కళ్లజోడు కొనిపెట్టు పాపం,” అని పకపకా నవ్వింది తాయినా.

జాసీరా మాత్రం గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. తిబూర్సియో ఆమె వీరుడు.

నిజానికి ఆమె తమ్ముడి వీరుడు. సాంతోస్ రేవు దగ్గర, బొమ్మల పుస్తకాల కొట్టు వెనకగదిలో, శనివారం మధ్యాహ్నాలు కూర్చుని ఆడే కథల ఆట అది. ఎవరి వీరుణ్ణి వాళ్లు నడుపుకోవాలి. రాక్షసుల తరఫున పాచికలు మాస్టారు వేస్తారు.

తమ్ముడు వాల్దిర్ వానలో మోటారుసైకిల్ జారి చనిపోయాక, అతని సామాను పట్టుకెళ్దామని జాసీరా ఆ గదికి వచ్చింది. మాస్టారు సామాను తియ్యలేదు. కుర్చీ లాగారు.

“కూర్చోమ్మా. మీ తమ్ముడి గుర్రం ఇంకా కోట బయటే కట్టేసి ఉంది.”

కూర్చుంది. రెండేళ్లయినా లేవలేదు. తిబూర్సియో బతికున్నంత కాలం వాల్దిర్ పూర్తిగా పోలేదని ఆమె నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

మాస్టారి పేరు జురాందిర్. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ముసలాయన. ఒకనాడు జిరాక్స్ కాగితాల కట్టతో కొట్టులోకి వచ్చి, “ఆట నేను నడపనా?” అన్నాడు, అంతే. ఆ కట్టే ఆట పుస్తకం. ఇంగ్లీషులో ఉండేది, అదీ అలికినట్టున్న అక్షరాల్లో. దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు. ఆయన ఎక్కడుంటాడో, వేళకి తింటాడో లేదో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మరుసటి శనివారం ఎవాంద్రో కొత్త ఆట తెచ్చాడు. రంగుల అట్ట, దిండంత పుస్తకం.

“ఇక ఇదే ఆడదాం. నేను నడుపుతా. ఇందులో తెరలూ గిరలూ లేవు, పాచికలన్నీ బల్ల మీదే. మాస్టారి ఆటలో రూల్సు మరీ మెత్తన. పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి పనికొస్తాయి.”

“నేను రెడీ,” అంది తాయినా.

జాసీరా కూడా చెయ్యెత్తింది. డ్రాగన్లకే దొరకనివాడికి ఏ ఆటైతేనేం అనుకుంది.

మాస్టారు దగ్గి, గొంతు సవరించుకున్నారు.

“పాచికలు అన్నీ బయటే వేస్తావా బాబూ?”

“అన్నీ.”

“అయితే అమ్మా, తిబూర్సియోని అందులోకి తీసుకెళ్లకు. కొత్తవాణ్ణి తయారుచేసుకో. వాణ్ణి ఇక్కడే ఉండనీ.”

జాసీరాకి ఒళ్లు మండింది.

“మా తమ్ముడి వీరుడు ఎక్కడుండాలో మీరు చెప్పాలా? ఆట చేజారిపోతోందని ఉడుకుమోత్తనం కాకపోతే!”

మాస్టారి ముఖం చిన్నబోయింది. తెర మడిచి చంకన పెట్టుకున్నారు.

“పుస్తకం ఉంచుకోండి. ఎప్పుడైనా మళ్లీ ఆడాలనిపిస్తే...”

మాట పూర్తి చెయ్యకుండానే వానలోకి వెళ్లిపోయారు. ఆగమన్నవాళ్లు లేరు.

కొత్త ఆటలో తిబూర్సియో ఒక్క పూట కూడా నిలవలేదు. మురుక్కాలవ పక్కన, మోకాలెత్తు కూడా లేని మరుగుజ్జు రాక్షసుడి చేతిలో పోయాడు. పాచిక బల్ల నడుమ, అందరికీ కనబడేలా ఆగింది.

“ఇంకోసారి వెయ్యి ఎవాంద్రో.”

“రూల్ రూలే కదక్కా. నన్నేం చెయ్యమంటావ్?”

తమ్ముడు రెండోసారి పోయినట్టే ఏడ్చింది జాసీరా. కొన్ని నెలలు ఆ గది గుమ్మం తొక్కలేదు. తర్వాత ఆమెకి ఒకటే ఆలోచన పట్టుకుంది. మాస్టారి కాళ్లావేళ్లా పడైనా పాత ఆటకి వెళ్లిపోవాలి. అక్కడైతే వాడు చావడు.

ఆ వీధీ ఈ వీధీ వాకబు చేసి, మాస్టారు అద్దెకుండే ఇల్లు పట్టుకుంది. తలుపు తీసిన ఇంటావిడ ఆమెని ఎగాదిగా చూసింది.

“ఇప్పుడొచ్చావా తల్లీ? ఆయన పోయి నెల దాటింది. ఊపిరితిత్తులు చెడిపోయాయి. మోయడానికి నలుగురు దొరక్క మున్సిపాలిటీ బండిలో పంపించాం.”

ఇంటావిడే మళ్లీ అందుకుంది.

“మంచాన పడేదాకా, శనివారం వస్తే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవాడు. ఎవరైనా పిలుస్తారనుకున్నాడో ఏమో, పిచ్చి మనిషి.”

అక్కణ్నుంచి తిన్నగా కొట్టుకి వచ్చింది జాసీరా. మిగతా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

“ఆ జిరాక్స్ కట్ట తియ్యి ఎవాంద్రో. మాస్టారి ఆటే ఆడదాం. అందులో మా వాడు బతికే ఉన్నాడు.”

“మరి మాస్టారు?”

“పోయారు.”

ఎవాంద్రో కట్ట దించాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు చదువుకున్నాడు. మాస్టారి దగ్గర అవలీలగా గెలిచిన వంతెన కాపలావాళ్లతోనే పోరు పెట్టాడు. పాచిక బల్ల మీదే వేశాడు.

రెండో దెబ్బకి తిబూర్సియో కూలిపోయాడు.

“లేపడానికి ఏదో దారి ఉంటుంది, చూడు,” అంది జాసీరా.

“ఏమీ లేదక్కా. ఇందులో పడితే చావే.”

మళ్లీ మొదట్నుంచి ఆడారు. ఈసారి మొదటి దెబ్బకే పోయాడు. వెనకే తాయినా నడిపే మంత్రగత్తె కూడా పోయింది.

ఎవాంద్రో కాగితాలు మళ్లీ తిరగేశాడు. “దీన్నా నేను మెత్తనిదన్నాను? కొత్తదానికంటే ఇదే కర్కోటకం. ఒక్క పూట బతికి బయటపడ్డమే గొప్ప.”

“మరి రెండేళ్లు ఎలా బతికాం మనం?” అంది తాయినా.

ఆ తెర వెనక పాచిక ఎంత పడిందో ముగ్గురిలో ఒక్కరూ ఏనాడూ చూడలేదు.

వారం వారం తన తమ్ముణ్ణి చావు నోట్లోంచి లాగి తనకి అప్పగించింది ఏ రూల్సూ కావని, మోసే దిక్కులేక వెళ్లిపోయిన ఆ ముసలాయన ఆడిన అబద్ధాలేనని జాసీరాకి అప్పుడు తెలిసింది.